పార్టీల వల్ల సంఘంలో చీలిక, యువతలో విరక్తి: మైకు, సెమీ క్రిస్మస్, వాట్సాప్ గ్రూపు, నోటా విషయంలో ఏం చేయాలి?

బ్రాడీపేట_కార్యదర్శి (ప్రశ్న)

అందరికీ వందనాలు. గుంటూరులో 60 కుటుంబాలున్న స్వతంత్ర సంఘం గురించి అడుగుతున్నాను. పైన డయోసిస్ (బిషప్పు పాలన) లేదు కాబట్టి ఏ నియమమైనా కమిటీయే రాసుకోవాలి. ఎన్నికలు అయిపోయినా రెండు పార్టీల పట్టుదల సంఘంలో అలాగే ఉండిపోయింది. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గరకు కూడా ఒకరి వెనక ఒకరు రావడానికి ఇష్టపడని కుటుంబాలున్నాయి. పెద్దవాళ్ళది పట్టుదలైతే పిల్లలది విరక్తి. "అన్ని పార్టీలూ మనల్ని వాడుకున్నాయి, అయ్యగార్లు (పాస్టర్లు) కూడా వాడనిచ్చారు" అంటూ కొందరు ఆరాధనకే రావడం మానేస్తున్నారు.

కమిటీ తీర్మానం రాయాలనుకుంటోంది. కింది వాటికి వివరంగా చెప్పగలరా?

నాయకులు ఆదివారం ఆరాధనకు వస్తే మైకు ఇవ్వకపోవడం అవమానం అవుతుందా? సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందు జరిపే వేడుక) ఖర్చంతా ఒక నాయకుడు పెట్టుకుంటానంటే వద్దనాలా? వాట్సాప్ గ్రూపులో పార్టీ వీడియోలు ఆపేదెలా? యువకులు నోటా అంటున్నారు, అది విశ్వాసికి తగునా? చివరిది కాస్త బరువైనది. ఓటుకు డబ్బు తీసుకుని బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేసినవాళ్ళు ఇప్పుడు మనస్సాక్షి నొప్పితో ఉన్నారు. వాళ్ళకు ఏం చెప్పాలి?

---

గవర్నర్‌పేట_లా

మైకు సంగతి ముందు చూద్దాం. అది మర్యాద ప్రశ్న అని అందరూ అనుకుంటారు. నిజానికి అది చట్టం ప్రశ్న. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం అని 1988లో ఒకటి వచ్చింది. చాలా కమిటీలకు దాని పేరు కూడా తెలియదు.

దాని సెక్షన్ 3 ప్రకారం సంఘానికి చెందిన ఆవరణను గానీ, సంఘం చేతి కింద ఉన్న ఆవరణను గానీ రాజకీయ కార్యకలాపానికి వాడకూడదు, ఎవరినీ వాడనివ్వకూడదు. "వాడనివ్వకూడదు" అన్న మాట గమనించండి. మాట్లాడింది నాయకుడే అయినా మైకు ఇచ్చిన కమిటీకీ తప్పు అంటుతుంది. ఆవరణ అంటే గుడి ఒక్కటే కాదు. కాంపౌండు, పార్సనేజీ (పాస్టరు గారి ఇల్లు), సండే స్కూలు షెడ్డు, సంఘం నడిపే బడి హాలు అన్నీ అందులోకి వస్తాయి. సెక్షన్ 5 సంఘం నిధుల గురించి: పార్టీకి లాభం కలిగేలా ఒక్క రూపాయి వాడకూడదు. సెక్షన్ 6 పండగలు, ఊరేగింపులు, కూడికల గురించి: సంఘం ఆధ్వర్యంలో జరిగితే చాలు, వీధిలో షామియానా వేసుకున్నా సరే, రాజకీయానికి వాడనివ్వకూడదు.

శిక్ష ఐదేళ్ళ వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా. దోషిగా తేలితే సంఘంలో ఉన్న పదవి పోతుంది, ఆపైన ఆరేళ్ళు ఏ మత సంస్థలోనూ పదవికి అర్హత ఉండదు. చట్టంలో "మేనేజరు" అన్న మాట అయ్యగారికే పరిమితం కాదు, కమిటీ సభ్యులకూ వర్తిస్తుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఎన్నికల కోడ్ షెడ్యూలు ప్రకటించిన రోజున మొదలై ఎన్నిక ముగియగానే పోతుంది. ప్రార్థనా స్థలాలను ప్రచారానికి వాడకూడదని కోడ్‌లో కూడా ఉంది కానీ, 1988 చట్టం ఏడాది పొడవునా ఉంటుంది. కార్పొరేషన్, పంచాయతీ ఎన్నికల్లో నిలబడేవాళ్ళ తరఫున చేసే ప్రచారం కూడా దాని పరిధిలోదే. "ఇప్పుడు ఎన్నికలు లేవుగా" అన్న సమాధానం చెల్లదు.

దీనికి తోడు ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951. సెక్షన్ 123(3) ప్రకారం మతం, కులం పేరుతో ఓటడగడం అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో దీన్ని ఇంకా విస్తరించింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే. "మనవాడు, క్రైస్తవుడు, ఓటేయండి" అన్న మాట అభ్యర్థి సమ్మతితో అంటే అతని ఎన్నికే రద్దు కావచ్చు. అదే 123లో రెండో ఉపసెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ఫలానా వాళ్ళకు ఓటేయకపోతే దేవుని కోపం వస్తుందనో, సంఘం నుంచి వెలివేస్తామనో నమ్మించడం కూడా అవినీతి చర్యే. ప్రసంగంలో శాపం, ఆశీర్వాదం అన్న మాటలు ఓటుకు ముడిపెట్టే ప్రతి అయ్యగారూ ఈ వాక్యం ఒకసారి చదవాలి.

ఆచరణలో ఇలా చేయండి. నాయకుడు వస్తున్నాడని ముందే తెలిస్తే సంఘ పెద్ద ఒకరు గేటు దగ్గర ఉండి కలుసుకోవాలి. కండువా కారులో వదిలి రమ్మని వినయంగా చెప్పాలి. అందరితో పాటు బెంచీ మీద కూర్చోబెట్టాలి. వేదిక మీద కుర్చీ వేయొద్దు, శాలువా వద్దు, పేరు ప్రకటన వద్దు. "అయ్యా, చట్టం ఒప్పుకోదు, మీకే ఇబ్బంది అవుతుంది" అంటే ఏ నాయకుడైనా అర్థం చేసుకుంటాడు, ఎందుకంటే పిటిషన్ పడేది ఆయన మీదే. తీర్మానం తేదీతో మినిట్స్ బుక్కులో ఉంటే, ఒత్తిడి వచ్చినప్పుడు అయ్యగారు ఒంటరిగా కాదనాల్సిన పని ఉండదు. "కమిటీ తీర్మానం" అని చూపిస్తే సరిపోతుంది.

---

గుణదల_కొండ

పై సమాధానానికి ఒక చేర్పు. గుణదల మేరీమాత తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. అన్ని పార్టీలవాళ్ళూ కొండకు వస్తారు. భక్తుడిగా రావడం ఎవరికైనా హక్కే. రావడాన్ని ఆపాలని ఎవరూ అనుకోవద్దు. ఆపాల్సింది రాక తర్వాత జరిగే మూడు పనులు: మైకు, ఫొటో, ఫ్లెక్సీ.

ఫ్లెక్సీ గురించి ఎవరూ రాయలేదు. కాంపౌండు గోడ మీద నాయకుడి బొమ్మతో "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని ఒకటి కట్టనిస్తే మర్నాటికి రెండో పక్షం తెస్తుంది, మూడో రోజుకు యేసు ప్రభువు బొమ్మ మూలకు చేరి పోస్టేజీ బిళ్ళంత అవుతుంది. "గోడ మీద సంఘం ఫ్లెక్సీ తప్ప మరేదీ ఉండదు" అని ఒక్క వాక్యం తీర్మానంలో రాయండి. సంఘం ఫ్లెక్సీలో కూడా బతికున్నవాళ్ళ ఫొటో ఏదీ వేయకపోతే గొడవే ఉండదు.

మా ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళకు 1983 నాటి కానన్ లా, అంటే సంఘ నియమావళి, ఉంది. 287వ కానన్ ప్రకారం గురువులు రాజకీయ పార్టీల్లో చురుకుగా పాల్గొనకూడదు. 285వ కానన్ ప్రకారం పరిపాలనాధికారం ఉండే పదవులు తీసుకోకూడదు. స్వతంత్ర సంఘాలకు అలాంటి పుస్తకం లేదు కాబట్టి, పాస్టరు గారికి ఇచ్చే నియామక పత్రంలోనే ఈ రెండు షరతులూ రాసుకోవడం మంచిది. ఓటు ఆయన ఇష్టం. పదవి, ప్రచారం మాత్రం కూడదు.

---

వాక్యధ్యానం_మంగళగిరి

బ్రదర్, చట్టం గేటు దగ్గర కాపలా కాస్తుంది, మనసులో విరిగిన దాన్ని అతకదు. మీ పిల్లల విరక్తి గురించి రాస్తాను.

విరక్తి పుట్టేది ఆశ పెట్టుకున్న చోటే. పార్టీ నుంచి రోడ్డు, ఆస్పత్రి, న్యాయమైన పాలన ఆశించినవాడికి అవి రాకపోతే కోపం వస్తుంది. అదే పార్టీ నుంచి రక్షణ, గుర్తింపు, "మన రాజ్యం" ఆశించినవాడికి అవి రాకపోతే విశ్వాసమే కూలుతుంది. 146వ కీర్తన మూడో వచనం చదివించండి: "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు వారిని నమ్ముకొనకుడి". ఇది రాజకీయాలు వద్దనే మాట కాదు. ఆ కీర్తన అక్కడ ఆగదు. బాధపడేవారికి న్యాయం, ఆకలిగొన్నవారికి ఆహారం, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వరసగా వస్తారు. రాజుల మీద ఆశ వదిలినవాడి చేతికి ఆ కీర్తన ఇచ్చే పని జాబితా అది.

యువకుల కూడికలో నాలుగు వారాల పాఠం పెట్టండి. ఉపన్యాసంలా కాకుండా, ఒక్కో వారం ఒక్కో అధ్యాయం చదివి మాట్లాడుకోవాలి.

మొదటి వారం సమూయేలు మొదటి గ్రంథం 8. ప్రజలు రాజును అడిగారు. రాజు ఏమేం తీసుకుంటాడో సమూయేలు ముందే వరసపెట్టి చెప్పాడు: కొడుకులు, కూతుళ్ళు, పొలాలు, పంటలో పదో వంతు. విన్నారు, అయినా మాకు రాజు కావాలన్నారు. దేవుడు రాజునిచ్చాడు. ఇక్కడ పిల్లలను అడగాల్సిన ప్రశ్న "రాజు చెడ్డవాడా" అని కాదు, "ప్రజలు ఏం తప్పించుకోవాలని రాజును అడిగారు" అని.

రెండో వారం న్యాయాధిపతులు 9, యోతాము చెప్పిన చెట్ల కథ. ఒలీవ, అంజూరం, ద్రాక్ష అన్నీ పాలించడానికి ఒప్పుకోలేదు. వాటికి చేతినిండా పని ఉంది. చివరికి ముండ్లపొద ఒప్పుకుంది. నోటా గురించి మాట్లాడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే మంచి చెట్లన్నీ తప్పుకోవడం కూడా ఆ కథలో భాగమే.

మూడో వారం ఆమోసు 7. బేతేలు యాజకుడు అమజ్యా ఆమోసును వెళ్ళిపొమ్మన్నాడు. ఇక్కడ ప్రవచించవద్దు, ఇది రాజుగారి ప్రతిష్ఠిత స్థలం అన్నాడు. గుడిని రాజు పోషిస్తున్నప్పుడు గుడిలో ప్రవక్తకు చోటుండదు. పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 5,000 గౌరవ వేతనం మీద చర్చ వస్తే ఈ అధ్యాయం నుంచే మాట్లాడాలి. తీసుకోవడం పాపం అని నేననను. అది ప్రజల పన్ను, పార్టీ జేబు కాదు. తీసుకున్నవారు ఆ సంగతి సంఘానికి చెప్పాలి, దానికి కృతజ్ఞత సభ పెట్టకూడదు, అది ఆగిపోతే ఇల్లు గడవని స్థితి రాకుండా కమిటీ జీతం సరిచేయాలి. ఈ మూడూ లేకపోతే అమజ్యా మాటే మన మాట అవుతుంది.

నాలుగో వారం లూకా 6లో శిష్యుల పేర్లు. మత్తయి రోమా ప్రభుత్వానికి పనికొచ్చే సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు. సీమోనుకు జెలోతే అన్న పేరుంది, రోమాను ద్వేషించే పక్షానికి ఆనవాలు అది. ఇద్దరినీ ప్రభువు ఒకే పన్నెండుగురిలో పెట్టాడు, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మీ సంఘంలో ఒకరి వెనక ఒకరు రాలేని కుటుంబాలకు ఇది చదివించండి. చదివించి వదలొద్దు. మత్తయి 5:23-24 ప్రకారం బల్ల ఆదివారానికి ముందు వారమే ఇద్దరు పెద్దలు ఆ ఇళ్ళకు వెళ్ళాలి. ఇద్దరూ ఒకే పార్టీ అభిమానులు కాకుండా చూసుకోండి, లేకపోతే సమాధానానికి వెళ్ళి గొడవతో తిరిగొస్తారు. ఆ ఇంట్లో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న చర్చ ఎత్తొద్దు. "ఏ మాట నొప్పించింది" అని మాత్రం అడగండి. సాధారణంగా అది పార్టీ మాట కాదు. పెళ్ళిలోనో వాట్సాప్‌లోనో అన్న ఒక వ్యక్తిగత మాట దొరుకుతుంది, దానికి క్షమాపణ చెప్పించవచ్చు.

చరిత్ర కూడా ఒక్కటి చెప్పండి. జర్మనీలో 1934 మే చివర బార్మెన్‌లో లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలవాళ్ళు కలిసి ఒక ప్రకటన చేశారు. అప్పటికే సంఘంలో పెద్ద భాగం పాలక నాజీ పార్టీకి వంతపాడుతోంది. ఆ ప్రకటన మూడో సూత్రం సారాంశం ఇది: సంఘం తన సువార్తను గానీ తన క్రమాన్ని గానీ ఆ కాలంలో చెలామణీ అయ్యే రాజకీయ నమ్మకాలకు అప్పగించకూడదు. మన దగ్గర 1842 జూలై 31న లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరుకు వచ్చినప్పుడు కంపెనీ పాలన. తర్వాత విక్టోరియా రాణి, తర్వాత కాంగ్రెసు, తర్వాత ప్రాంతీయ పార్టీలు. ఇన్ని పాలనలు మారినా ఈ ఊళ్ళో ఆదివారం గంట ఆగలేదు. పిల్లలకు ఈ వరస చెప్తే ఏ ఒక్క ఫలితం రోజూ ప్రపంచాంతంలా కనిపించదు.

---

పటమట_కోశాధికారి

సెమీ క్రిస్మస్ లెక్క చెప్తాను, ఎందుకంటే చాలా సంఘాలు మనసొప్పక కాదు, డబ్బు చాలక నాయకుడికి తలొగ్గుతాయి.

సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు నాలుగు నెలలు, కుటుంబానికి నెలకు 50 రూపాయలు. 60 కుటుంబాలకు 12,000. అందరూ ఇవ్వలేరు. పావు వంతు తగ్గినా 9,000 చేతికొస్తుంది. కార్యక్రమాన్ని ఆ డబ్బుకు తగినట్టు కుదించండి. 200 మందికి తలా 50 గ్రాముల కేకు అంటే 10 కిలోలు. భోజనం పెట్టకుండా పులిహోరతో సరిపెట్టుకుంటే మనిషికి 75 గ్రాముల బియ్యం, మొత్తం 15 కిలోలు. వంట సంఘం స్త్రీల సమాజం చేస్తుంది. షామియానా మానేసి గుడిలోనే పెట్టుకుంటే అద్దె ఖర్చులో సగం పోతుంది. ఖర్చు పెరిగేది సౌండు, లైటింగు, స్టేజీ దగ్గరే. ఆ మూడూ కావాలనిపించేది కూడా నాయకుడు వస్తున్నాడనే. ఆయన కోసం స్టేజీ, స్టేజీ కోసం ఆయన డబ్బు! ఈ చక్రం తెంచితే మిగతాది తేలిక.

నాయకుడు విశ్వాసిగా కానుక ఇస్తానంటే అందరిలాగే సంచిలో వేయనివ్వండి. పేరు చదవొద్దు. పేరు చెప్తేనే ఇస్తానంటే తిరిగి ఇచ్చేయండి. వస్తు రూపంలో వచ్చేవి, కుర్చీలు, ఏసీ, మైకుసెట్టు, ఇంకా ప్రమాదం. కుర్చీ వెనక పేరు పదేళ్ళుంటుంది. వస్తువు తీసుకోవాల్సి వస్తే పేరు రాయకూడదన్న షరతు కాగితం మీద ముందే ఉండాలి. సంఘానికి విదేశీ నిధుల రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ డబ్బులో ఏదీ పార్టీ పనికి మళ్ళకూడదు. ఒక్క ఓచరు చాలు, రిజిస్ట్రేషన్‌కే ముప్పు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, బీదవాణ్ణి కింద కూర్చోమనే సంఘం గురించి ఉంది. కుర్చీల వరస వేసేవాళ్ళు ఆ నాలుగు వచనాలు చదివి వేయాలి.

వాట్సాప్‌కు వస్తే, ఒకే గ్రూపులో అన్నీ కలపడం వల్లే సమస్య. రెండు చేయండి. మొదటిది ప్రకటనల గ్రూపు: సెట్టింగ్స్‌లో గ్రూప్ పర్మిషన్స్ తెరిచి, మెసేజ్ పంపే అనుమతి అడ్మిన్లకు మాత్రమే పెట్టండి. ఆరాధన వేళలు, మరణవార్తలు, కూడికలు ఇందులో. రెండోది ప్రార్థన విన్నపాల గ్రూపు: అందరూ రాయొచ్చు, కానీ ఫార్వర్డ్‌లు ఏవీ వద్దు. పార్టీ వీడియోలనే కాదు, ఏ ఫార్వర్డూ వద్దని పెట్టాలి. పార్టీవి మాత్రమే వద్దంటే "ఇది పార్టీది కాదు, వార్త" అన్న వాదన రోజూ వస్తుంది. అడ్మిన్లు ముగ్గురు ఉండాలి, రెండు పక్షాల అభిమానులూ అందులో ఉండాలి. తప్పు మెసేజ్ వస్తే గ్రూపులో మందలించకండి. అడ్మిన్‌కు అందరి దగ్గరా తొలగించే అవకాశం ఉంటుంది, తొలగించి ఫోన్ చేయండి. గ్రూపులో అందరి ముందు మందలిస్తే ఆ రాత్రికే కొత్త గ్రూపు పుడుతుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. సంఘం సభ్యుల రిజిస్టరు, ఫోన్ నంబర్లు ఏ పార్టీకీ ఇవ్వకండి. ప్రార్థన కోసం ఇచ్చిన నంబరు అది.

---

బ్రాడీపేట_కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. ఒక ఆలోచన వచ్చింది. ఏ పక్షమూ అనకుండా అభ్యర్థులందరినీ ఒకే రోజు మన హాల్లోకి పిలిచి, అందరికీ సమంగా పది నిమిషాలిచ్చి, ప్రశ్నలు అడిగితే? యువకులకు నోటా కన్నా ఇది మేలు కదా?

---

గవర్నర్‌పేట_లా

ఆలోచన మంచిదే, చోటు మంచిది కాదు. 1988 చట్టంలో రాజకీయ కార్యకలాపం అన్న నిర్వచనం ఒక పార్టీకి మద్దతిచ్చే పనితో ఆగదు. రాజకీయ స్వభావమున్న ఏ అంశాన్నైనా సభల ద్వారా ప్రచారం చేయడం, పోటీలో ఉన్నవారి తరఫున చేసే పని కూడా అందులోకి వస్తాయి. అందరినీ సమంగా పిలిచాం అన్నది గుడి ఆవరణలో రక్షణ కాదు. సంఘం పేరు లేకుండా, ఆ వీధి ఓటర్లంతా, అన్ని మతాలవాళ్ళూ కలిసి, బయట కల్యాణమండపంలోనో కమ్యూనిటీ హాల్లోనో పెట్టుకోవాలి. కోడ్ అమల్లో ఉంటే ముందస్తు అనుమతి కావాలి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ఎన్నికల సభ ఏదీ పెట్టకూడదు. మీ యువకులు నిర్వాహకుల్లో ఉండొచ్చు, పౌరులుగా.

నోటా గురించి: సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో వచ్చింది. నోటాకు ఎక్కువ ఓట్లు వచ్చినంత మాత్రాన అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు రద్దు కావు. మిగిలినవారిలో ఎక్కువ వచ్చిన అభ్యర్థి గెలిచినట్టే. కాబట్టి అది అసమ్మతి నమోదు, వడపోత కాదు. వేసుకోవడం తప్పు కాదు. చదవకుండా వేస్తే మాత్రం చదవకుండా పార్టీకి వేసినట్టే.

చదవాల్సింది ఫారం 26. ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం. ఎన్నికల సంఘం సైటులో ఉంటుంది. అందులో ముందు కేసుల పట్టిక చూడాలి. ధర్నా కేసా, మోసం కేసా, స్త్రీల మీద నేరమా, అభియోగాలు నమోదయ్యాయా అన్నది విడివిడిగా ఉంటుంది. "పది కేసులున్నాయి" అన్న లెక్క ఏమీ చెప్పదు, సెక్షన్లు చెప్తాయి. తర్వాత గత ఎన్నికల ప్రమాణపత్రంతో ఆస్తులు పోల్చాలి. ఒక్కో అభ్యర్థికి అరగంట పడుతుంది. యువకులు ఇద్దరిద్దరుగా కూర్చుని, అవతలి పార్టీ అభ్యర్థి కాగితం కాకుండా, తమ అభిమాన అభ్యర్థి కాగితమే ముందు చదవాలి. మనకు నచ్చనివాడి తప్పులు చదవకుండానే తెలుసనుకుంటాం కదా.

ఇంకో అపోహ. "సంఘం ఓట్లు" అని ఎవరైనా నాయకుడికి మాటిస్తే, అది నిలబెట్టుకోలేని మాట. ఒక పోలింగ్ బూత్‌లో వెయ్యి పైచిలుకు ఓటర్లు ఉంటారు. మీ 60 కుటుంబాలవాళ్ళు బ్రాడీపేట, అరండల్‌పేట, కొరిటెపాడు అంటూ ఎన్నో బూత్‌లలో చెదిరి ఉంటారు. ఎన్నికల తర్వాత ఫారం 20లో బూత్‌వారీ లెక్క వస్తుంది. అందులో సంఘం ఓటు విడిగా ఎక్కడా కనబడదు. అయినా బేరం జరుగుతుంది, ఎందుకంటే బేరంతో లాభపడేది మధ్యవర్తి. యువకుల కోపం చాలావరకు ఈ మధ్యవర్తి మీదే.

---

కొత్తపేట_సమాధులతోట

ఇంకా ఎవరూ ఎత్తని సంగతి. సంఘాల నిరాశలో పెద్ద భాగం తప్పు తలుపు తట్టడం వల్ల వచ్చింది.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా మాట తీసుకోండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దానికి అడ్డు. ఆ హోదాను మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. దాన్ని మార్చగలిగేది పార్లమెంటు. రాష్ట్ర అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. తీర్మానం సిఫార్సు మాత్రమే. కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. అంటే అసెంబ్లీకి పోటీ చేసే అభ్యర్థి ఎవరైనా "నేను గెలిస్తే ఇప్పిస్తాను" అంటే, తన చేతిలో లేనిది ఇస్తానంటున్నాడు. ప్రతి ఎన్నికలో అది నమ్మి, ప్రతిసారీ మోసపోయామనుకోవడం ఆగాలంటే ఈ ఒక్క సంగతి ప్రతి సంఘంలో చెప్పాలి. ఇప్పటికి రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకూ వాళ్ళ సంతతికీ ఉన్నది బీసీ-సి, ఒక శాతం రిజర్వేషన్. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వర్తించదని రాష్ట్ర హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. ఈ భయం వల్లే చాలా కుటుంబాలు ఏదో ఒక నాయకుడి నీడ వెతుక్కుంటాయి. వాళ్ళను తప్పుపట్టే ముందు ఆ భయాన్ని అర్థం చేసుకోవాలి.

తట్టాల్సిన తలుపు తెలిసిన పని ఒకటి తీసుకోండి. సమాధుల తోట స్థలం. ఇది పార్టీ పని కాదు, రెవెన్యూ పని. ముందు ఇప్పుడున్న తోట సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉందో సమాచార హక్కు కింద అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. సమాధానానికి 30 రోజుల గడువు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఆ కాగితం చేతికొచ్చాక సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీ ఒక పేజీ దాటొద్దు. సర్వే నంబరు, ఎన్ని కుటుంబాలు, ఏటా ఎన్ని సమాధులు, ప్రస్తుత తోటలో మిగిలిన చోటు, కోరేది ఏమిటి. రశీదు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు. రశీదు లేని అర్జీని మళ్ళీ అడగలేం.

ఇక్కడ పాడయ్యేది ఎక్కడంటే, ఒక్క సంఘం పేరున ఇస్తే "వాళ్ళకిస్తే వీళ్ళకివ్వాలి" అని ఆగిపోతుంది. లూథరన్, ఆర్.సి.ఎం., సీఎస్ఐ, పెంతెకొస్తు, అందరూ కలిసి సంతకాలు పెట్టి ఇవ్వాలి. రెండో చోట పాడయ్యేది: అర్జీ ఇస్తూ నాయకుడితో ఫొటో దిగడం. ఆ ఫొటోతో పని ఒక పార్టీ ఖాతాలో పడుతుంది, పాలన మారితే ఫైలు కింద పడుతుంది. ఎమ్మెల్యేకీ, ఓడిన అభ్యర్థికీ, కార్పొరేటర్‌కూ ఒకే రోజు ఒకే నకలు పంపండి.

రెండు పక్షాల యువకులను ఈ ఒక్క పని మీద కూర్చోబెట్టండి. చర్చలతో కలవనివాళ్ళు సర్వే నంబరు వెతుకుతూ కలుస్తారు.

---

వాక్యధ్యానం_మంగళగిరి

చివరి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, ప్రమాణం సంగతి.

మొదట, డబ్బు. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల ప్రకారం ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే, ఏడాది వరకు శిక్ష. నిర్గమకాండము 23:8 లంచం చూపుగలవారికి గుడ్డితనం కలిగిస్తుందంటుంది. అది పేదవాడి కష్టం తెలియక అన్న మాట కాదు, పేదవాడి వ్యాజ్యం చెడకూడదనే ఆ మాట.

ఇక ప్రమాణం. "బైబిలు మీద చెయ్యి వేశాను, వాళ్ళకు వేయకపోతే దేవుడు శిక్షిస్తాడు" అన్న భయంతో ఓటేసినవాళ్ళు ఉన్నారు. డబ్బు తీసుకుని వేరేవాళ్ళకు వేసి, ఇప్పుడు ఇంట్లో జబ్బు వస్తే ఆ ప్రమాణం వల్లే అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ లేవీయకాండము 5:4-5 చూపించండి. ఆలోచించకుండా ఒట్టు పెట్టుకున్నవాడి గురించి ఉందక్కడ. అతను ఆ ఒట్టు తీర్చి తీరాలని రాయలేదు. అపరాధి అని తెలుసుకుని, ఆ పాపాన్ని ఒప్పుకోవాలని ఉంది. చెడ్డపనికి కట్టిన ఒట్టు నిలబెట్టుకోవడం నీతి కాదు. హేరోదు తన ఒట్టు నిలబెట్టుకోబోయి యోహాను తల తీయించాడు, మార్కు 6.

కాబట్టి ఒప్పుకోలు అయ్యగారి దగ్గర ఏకాంతంగా జరగాలి, సంఘం ముందు కాదు. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరికి వేశారు అని అయ్యగారు అడగకూడదు. ఓటు రహస్యం ఒప్పుకోలులో కూడా రహస్యమే. డబ్బు ఏం చేయాలని వాళ్ళే అడిగితే, ఇచ్చినవాడికి తిరిగి ఇవ్వబోతే గొడవ అవుతుంది, సంఘం కానుకలో వేస్తే ఆ డబ్బుకు గుడి ముద్ర పడుతుంది. ఊళ్ళో అవసరంలో ఉన్నవారికి, మతం చూడకుండా, పేరు చెప్పకుండా ఇచ్చేయమనండి. ఖర్చయిపోయి ఇవ్వలేని వాళ్ళను ఒత్తిడి చేయొద్దు.

తీర్మానంలో ఒక వాక్యం దీని కోసం కూడా చేర్చండి: ఓటు ప్రమాణం కోసం సంఘం బైబిలు గానీ, గుడి గానీ, ప్రభు బల్ల గానీ ఎవరికీ ఇవ్వబడదు. ప్రసంగ వేదిక మీది బైబిలును శనివారం రాత్రి ఎవరి ఇంటికి పంపుతున్నారో కూడా ఎన్నికల వారంలో కార్యదర్శిగా మీరు చూసుకోండి.